రహస్యం చెవిలో చెప్పే షోనా, వృత్తి కనిపెట్టే షోనా: ఏది ముందు చూడాలి?

యూట్యూబ్‌లో 1950ల నాటి అమెరికన్ ప్యానెల్ షో ఒకటి చూశారంటే చాలు, పక్కన ఇంకో ఇరవై వరుస కడతాయి. అన్నీ నలుపు తెలుపే. అన్నింటిలోనూ బల్ల వెనక నలుగురు పెద్దమనుషులు, ఎదురుగా ఒక అతిథి, అతిథి పక్కన నెమ్మదస్తుడైన నిర్వాహకుడు. పేర్లు వేరైనా అన్నీ ఒక్క తానులో గుడ్డలే అనిపిస్తాయి. అలా అనుకుని చేతికందిన ఎపిసోడ్‌తో మొదలుపెట్టినవారు చాలామంది సగంలోనే ఆపేస్తారు. ఎవరో మరుగున పడిపోయిన నటుడు వస్తాడు, మనకు అంతుబట్టని చలోక్తికి హాలంతా ఘొల్లుమంటుంది, మధ్యలో సిగరెట్ ప్రకటన. ఇందులో ఏముందని ఇంతమంది ఎగబడి చూస్తున్నారో బోధపడదు.

ఉన్నది చాలానే ఉంది. ఎక్కడుందో తెలుసుకుని వెళ్లాలి, అంతే. ఎంచుకోవలసినవి ముఖ్యంగా మూడు: వాట్స్ మై లైన్, ఐవ్ గాట్ ఎ సీక్రెట్, టు టెల్ ద ట్రూత్. మూడూ సీబీఎస్ అనే అమెరికన్ ప్రసార సంస్థలో వచ్చినవే. మూడింటినీ తయారుచేసింది మార్క్ గుడ్సన్, బిల్ టాడ్‌మన్‌ల సంస్థే. మొదటిది 1950 ఫిబ్రవరి నుంచి 1967 సెప్టెంబరు దాకా, రెండోది 1952 జూన్ నుంచి 1967 ఏప్రిల్ దాకా నడిచాయి. మూడోది 1956 డిసెంబరులో మొదలై 1968 వరకు సాగింది. అప్పటికి మన ఇళ్లలో టీవీ ఊసే లేదు. ఢిల్లీలో ప్రయోగాత్మక ప్రసారాలు 1959 సెప్టెంబరులో మొదలయ్యాయి, హైదరాబాదుకు దూరదర్శన్ కేంద్రం 1977లో గానీ రాలేదు. కాబట్టి ఈ షోల మీద అమెరికా పెద్దవాళ్లకు ఉండే చిన్ననాటి మమకారం మనకు ఉండదు. ఒక విధంగా అది మనకు లాభమే. పాత పేరు వినగానే మురిసిపోయే బెడద లేదు గనక, ఇప్పటికీ పస ఉన్నదేదో దాన్నే ఏరుకోవచ్చు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఒక్కదానికే తీరిక ఉంటే ఐవ్ గాట్ ఎ సీక్రెట్ చూడండి. అందులోనూ పేరుమోసిన తారలు వచ్చిన భాగాలు పక్కన పెట్టి, ఊరూ పేరూ తెలియని మనిషి వచ్చి కూర్చున్న భాగాలు వెతకండి.

గుట్టు ఎవరికి తెలుసు?

మూడింటి మధ్య అసలు తేడా వేదిక మీద కనిపించదు, చూసేవాడి దగ్గర ఉంటుంది. వాట్స్ మై లైన్‌లో అతిథి చేసే పని ఏమిటో తెర మీద అక్షరాల్లో మనకు చూపించేస్తారు. ప్యానెల్ మాత్రం అవును, కాదు అనే జవాబులతోనే దాన్ని రాబట్టాలి. ఒక్కొక్క ‘కాదు’కు అతిథికి 5 డాలర్లు. పది ‘కాదు’లు పూర్తయితే 50 డాలర్లతో ఆట ముగుస్తుంది. ఐవ్ గాట్ ఎ సీక్రెట్‌లో అతిథి తన గుట్టును నిర్వాహకుడి చెవిలో ఊదుతాడు, అదే సమయానికి అది మన తెర మీద పడుతుంది. ప్యానెల్‌లో ఒక్కొక్కరికీ కొద్ది సెకన్లే గడువు. బజర్ మోగేలోగా తేల్చలేకపోతే అతిథి ఖాతాలో 20 డాలర్లు పడతాయి. నలుగురినీ దాటుకుంటే 80. టు టెల్ ద ట్రూత్‌లో మాత్రం మనకూ ఏమీ చెప్పరు. ముగ్గురు వచ్చి ‘నా పేరు ఫలానా’ అని ఒకే పేరు చెబుతారు. నిజమైన మనిషి ఒక్కడే, మిగతా ఇద్దరూ వేషధారులు. ప్యానెల్‌తో పాటు మనమూ తలపట్టుకోవలసిందే.

అందుకే ముందు మిమ్మల్ని మీరు అడగవలసిన ప్రశ్న ఇది: మీకు ఊహించడం ఇష్టమా, ఊహించలేక తంటాలు పడేవాళ్లను చూడటం ఇష్టమా? ఇంట్లో నలుగురు కూర్చుని పందేలు కాసుకుంటూ చూడాలంటే మూడోదే సరి. ఒంటరిగా, తీరిగ్గా, మనిషిని చదువుతూ చూడాలంటే మొదటి రెండు. ఆ రెండింట్లో కూడా ఒక చిన్న మెలిక ఉంది. వృత్తి అనేది ఊహకు అందుతుంది. చేతులు చూసి, మాట తీరు విని, తెలివైనవాడు దగ్గరికి రాగలడు. రహస్యం అలా కాదు. దానికి హద్దూ పద్దూ లేదు. ఎదురుగా ఉన్న ముసలాయన ఏం చూశాడో, ఆ పిల్లవాడు ఏం తయారుచేశాడో ముఖం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే సీక్రెట్ ప్యానెల్ వేసే ప్రశ్నలు తరచుగా దారి తప్పుతాయి. ఆ దారి తప్పడంలోనే సగం రుచి.

వాట్స్ మై లైన్ ఎవరికి?

మాటకారితనం ఇష్టపడేవారికి. నిర్వాహకుడు జాన్ చార్లెస్ డేలీ అసలు వార్తల మనిషి. 1941లో పెర్ల్ హార్బర్ మీద దాడి వార్తను సీబీఎస్ రేడియోలో చదివిన గొంతు ఆయనదే. ఒక ‘అవును’ చెప్పడానికి ముందు దానికి నాలుగు షరతులు తగిలించి, నాలుగు మెట్లు ఎక్కించి దించడం ఆయన అలవాటు. ప్యానెల్‌లో పత్రికా రచయిత్రి డొరతీ కిల్‌గాలెన్, నటి అర్లీన్ ఫ్రాన్సిస్, రాండమ్ హౌస్ ప్రచురణ సంస్థ స్థాపకుల్లో ఒకరైన బెనెట్ సెర్ఫ్ ఏళ్ల తరబడి కూర్చున్నారు. నాలుగో కుర్చీలోకి మనుషులు మారుతూ ఉండేవారు. ఆదివారం రాత్రి పదిన్నరకు ప్రసారం. మగవాళ్లు విందుకు వెళ్లే నల్ల సూట్లలో, ఆడవాళ్లు గౌన్లలో, చేతి తొడుగుల్లో. అతిథి వచ్చి నల్లబల్ల మీద సుద్దముక్కతో పేరు రాయాలి. చివర్లో ఒక ప్రముఖుడు వస్తాడు, అప్పుడు ప్యానెల్ అంతా కళ్లకు గంతలు కట్టుకుంటుంది. వచ్చినవాడు గొంతు మార్చి, ముక్కుతో మాట్లాడి, కీచుగా పలికి తప్పించుకోజూస్తాడు.

దీనిలో ఒక్కటే చూడాలంటే 1957 జనవరిలో స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ వచ్చిన భాగం. నల్లబల్ల మీద డాలీ సంతకమే ఒక చిత్రంలా పాకుతుంది. ఆ తర్వాత ప్యానెల్ ఏది అడిగినా ఆయన జవాబు ఒకటే, అవును. మీరు ప్రదర్శనలిస్తారా? అవును. రాస్తారా? అవును. ఆ మీసాల వెనక నుంచి అబద్ధమాడుతున్న జాడ కూడా లేదు, నిజంగానే ఆయన అన్నీ చేశాననే నమ్ముతున్నాడు. డేలీ మధ్యలో కలగజేసుకుని, ఈ ‘అవును’ను అంత అక్షరాలా తీసుకోకండని ప్యానెల్‌కు సర్దిచెప్పవలసి వస్తుంది. ఈయన చేయని పనంటూ ఉందా అని ప్యానెల్ విస్తుపోతుంది. పది నిమిషాల్లో ఒక కళాకారుడి తత్వమంతా బయటపడే ఇలాంటి భాగం ఇంకొకటి నేను చూడలేదు.

కానీ కొత్తవారికి ఇదొక చిక్కు. ఈ షోలో సగం నవ్వులు ఆనాటి న్యూయార్కు నాటకాలు, పత్రికల కబుర్ల చుట్టూ తిరుగుతాయి. సెర్ఫ్ శ్లేషలు విసురుతాడు, మనకు అందవు. ఆటోమేటిక్ సబ్‌టైటిళ్లు ఆ శ్లేషలను ఇంకా భ్రష్టు పట్టిస్తాయి. ఇంగ్లీషు బాగా వచ్చినవారు కూడా ఐదారు భాగాలు చూస్తే గానీ ఆ తాళం పట్టుకోలేరు. అంత ఓపిక ఉంటే మాత్రం దీనికి మించినది లేదు. మరొక సదుపాయం: మొదటి రెండేళ్లవి చాలావరకు పోయినా, ఆ తర్వాతి భాగాలు ఎక్కువగా మిగిలాయి గనక, వరుసగా చూడాలనుకునేవారికి మూడింటిలో ఇదే అనువైనది. ఒకే బల్ల వెనక అవే ముఖాలు ఏళ్ల కొద్దీ ముదురుతూ కనిపిస్తాయి. 1965 నవంబరు 7 ఆదివారం డొరతీ కిల్‌గాలెన్ ఎప్పటిలాగే ఆడి వెళ్లింది, మర్నాడు తన ఇంట్లో చనిపోయి కనిపించింది. ఆ భాగం చూసేటప్పుడు ఈ విషయం తెలిసి ఉంటే ఆట మీద దృష్టి నిలవదు.

చెవిలో చెప్పిన మాట

ఇక ఐవ్ గాట్ ఎ సీక్రెట్. ఆలోచన అలెన్ షెర్మన్, హోవర్డ్ మెరిల్‌లది. తొలి భాగంలో దీన్ని కోర్టు గది సెట్‌లో పెట్టి, నిర్వాహకుణ్ని జడ్జిగా, ప్యానెల్‌ను వకీళ్లుగా కూర్చోబెట్టారు. అది ఎంత ఎబ్బెట్టుగా తోచిందో గానీ, వెంటనే ఎత్తేసి మామూలు బల్ల వేశారు. నిర్వాహకుడు గ్యారీ మూర్: పొట్టి క్రాపు, బో టై, ఎప్పుడూ తొణకని గొంతు. 1964 దాకా ఆయన, ఆ తర్వాత స్టీవ్ అలెన్. ప్యానెల్‌లో బిల్ కలెన్ చురుకు, హెన్రీ మోర్గన్ వెటకారం, జేన్ మెడోస్ శ్రద్ధ. 1958 నుంచి బెట్సీ పామర్, 1945 నాటి మిస్ అమెరికా బెస్ మైయర్సన్ చేరారు. కలెన్‌కు పసితనంలో పోలియో వచ్చి కాలు దెబ్బతింది. ఆయన నడుస్తూ కనిపించకుండా ఎప్పుడూ ముందే కూర్చోబెట్టేవారు. అందరి గుట్టూ విప్పే బల్ల వెనకే అలాంటి గుట్టు ఒకటి ఉండేది.

1956 ఫిబ్రవరి 9 నాటి భాగంతో మొదలుపెట్టండి. దీన్ని మించిన ప్రవేశద్వారం లేదు. 95 ఏళ్ల శామ్యూల్ సీమోర్‌ను పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెడతారు. ఒక కన్ను వాచి ఉంటుంది. షో కోసం వచ్చి దిగిన హోటల్లో ఆయన మెట్ల మీద పడ్డాడు. రాకపోయినా ఫరవాలేదని నిర్వాహకులు చెప్పినా ఆయనే పట్టుబట్టి వచ్చాడని మూర్ వివరిస్తాడు. తెర మీద ఆయన గుట్టు పడుతుంది: జాన్ విల్క్స్ బూత్ అబ్రహాం లింకన్‌ను కాల్చడం ఈయన కళ్లారా చూశాడు. 1865 ఏప్రిల్ 14, వాషింగ్టన్‌లోని ఫోర్డ్ థియేటర్. అప్పటికి సీమోర్ ఐదేళ్ల పిల్లవాడు. 91 ఏళ్ల తర్వాత అదే మనిషి టీవీ దీపాల కింద కూర్చుని ఉన్నాడు.

ప్యానెల్ ఈ గుట్టును ఛేదించింది. కలెన్ ప్రశ్నలతో చరిత్ర వైపుకు నెట్టాడు, జేన్ మెడోస్ లింకన్ హత్య అని పట్టేసింది. అయినా మూర్ 80 డాలర్లూ ఇచ్చేశాడు. అప్పటి ప్రాయోజకులు సిగరెట్ కంపెనీవాళ్లు గనక అతిథులకు సిగరెట్ కార్టన్ ఇవ్వడం ఆచారం. సీమోర్ తాగేది పైపు కాబట్టి ఆయనకు పొగాకు డబ్బా ఇచ్చారు. నాకు ఈ భాగంలో మనసుకు తగిలేది ఇంకొకటి. ఆ ఐదేళ్ల పిల్లవాడికి లింకన్‌ను కాల్చారని తెలియనే తెలియదు. పైనుంచి వేదిక మీదికి ఎవరో పడిపోయారని మాత్రమే చూశాడు, పాపం అతనికి దెబ్బ తగిలింది, వెళ్లి సాయం చేయాలి అని తపించాడు. పడినవాడు హంతకుడు. చరిత్ర పుస్తకాల్లో వెయ్యిసార్లు చదివిన ఘట్టం ఒక్కసారిగా పసివాడి కంటి ఎత్తులోకి దిగుతుంది. ప్రసారమైన రెండు నెలలకే, ఏప్రిల్ 12న సీమోర్ కన్నుమూశాడు.

ఈ కోవలోనే రెండోది 1957 జూలై 3 నాటిది. అతిథిని ‘డాక్టర్ ఎక్స్’ అని పరిచయం చేస్తారు. ఆయన గుట్టు: ఎలక్ట్రానిక్ టెలివిజన్‌ను కనిపెట్టింది తానేనని. పేరు ఫైలో ఫార్న్స్‌వర్త్. 1922లో, 14 ఏళ్ల వయసులో ఆయనకు ఆ ఊహ తట్టింది. 1927లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బొమ్మను ప్రసారం చేసి చూపాడు. ఆ తర్వాత ఆర్‌సీఏ అనే పెద్ద రేడియో కంపెనీతో ఏళ్లపాటు పేటెంట్ తగాదా. ప్యానెల్‌లో ఒకరు, మీరు చేసిన యంత్రం వాడితే నొప్పి పుడుతుందా అని అడుగుతారు. పుడుతుంది, కొన్నిసార్లు మహా నొప్పి అంటాడాయన. హాలు పకపకలాడుతుంది, అడిగినవాళ్లకు ఎందుకో తెలియదు. ఎవరూ కనిపెట్టలేకపోయారు. టీవీలో బతుకుతున్న నలుగురు టీవీని కనిపెట్టినవాణ్ని ఎదురుగా పెట్టుకుని గుర్తుపట్టలేకపోయారు! ఆయనకు దక్కినది 80 డాలర్లు, ఒక సిగరెట్ కార్టన్.

1962 సెప్టెంబరు నాటి భాగంలో ఒహాయో నుంచి ఒక మామూలు దంపతులు వస్తారు. వారి రహస్యం, తమ కొడుకు ఈ రోజే వ్యోమగామిగా ఎంపికయ్యాడని. ఇంటిపేరు ఆర్మ్‌స్ట్రాంగ్. అప్పటికి ఆ పేరు ఎవరికీ పట్టదు. మూర్ మాటవరసకు ఆ తల్లిని అడుగుతాడు, చంద్రుడి మీద దిగే మొదటి మనిషి మీ అబ్బాయే అయితే మీకెలా ఉంటుందని. దేవుడు వాణ్ని చల్లగా చూడాలి, అంతా శుభం జరగాలి అంటుందామె. ఏడేళ్లు తిరగకముందే 1969 జూలై వచ్చింది. ఆ ప్రశ్న అడిగినప్పుడు మూర్‌కు గాని, ఆమెకు గాని, నవ్విన ప్రేక్షకులకు గాని తెలియని రహస్యం మనకొక్కరికే తెలుసు. షో నియమమే తలకిందులై, వేదిక మీద ఉన్నవాళ్లంతా ప్యానెల్ అయిపోతారు. 1964లో వచ్చిన పీట్ బెస్ట్ కూడా అంతే. ఒకప్పుడు తాను బీటిల్స్‌లో ఒకణ్నని ఆయన గుట్టు. ఆ ఏడాది అమెరికా అంతా బీటిల్స్ పిచ్చిలో ఊగుతోంది, ఆయన్నేమో రెండేళ్ల క్రితమే ఆ బృందం నుంచి తీసేశారు. ఆ ముఖం చూస్తూ నవ్వడం కష్టం.

సంగీతం ఇష్టమైనవారు ఇవన్నీ పక్కనపెట్టి నేరుగా 1960లో జాన్ కేజ్ వచ్చిన భాగానికి వెళ్లవచ్చు. కేజ్ ప్రయోగాల స్వరకర్త. అంతకుముందు ఏడాది ఇటలీ టీవీ క్విజ్‌లో పుట్టగొడుగుల మీద ప్రశ్నలకు జవాబులు చెప్పి 50 లక్షల లీరాలు గెలిచిన మనిషి. ఇక్కడ ఆయన వాటర్ వాక్ అనే తన స్వరరచనను ప్రదర్శించాడు. వాయిద్యాల జాబితా వింటేనే హాలు నవ్వడం మొదలుపెడుతుంది: స్నానపు తొట్టి, నీళ్ల జగ్గు, ఐసు ముక్కలు, ఎలక్ట్రిక్ మిక్సర్, రబ్బరు బాతు, గులాబీలున్న పూలకూజా, మొక్కలకు నీళ్లు పోసే డబ్బా, పియానో, ఐదు రేడియోలు. జనం నవ్వుతారేమో అని మూర్ ముందే హెచ్చరిస్తే, ఏడుపు కన్నా నవ్వు మేలే కదా అంటాడు కేజ్, ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా. రేడియోల ప్లగ్గు పెట్టే పని ఎవరిదన్న దాని మీద స్టూడియోలోని కార్మిక సంఘాల మధ్య తగాదా తెగలేదు, దాంతో అవి మోగలేదు. కేజ్ ఏం చేశాడంటే, రేడియో మోగవలసిన చోట దాని నెత్తిన ఒకటి చరిచాడు, ఆపవలసిన చోట బల్ల మీంచి కిందికి తోసేశాడు. చేతిలో స్టాప్‌వాచీ, ముఖంలో పూజారికి ఉండేంత నిష్ఠ. మూడు నిమిషాలు. మన ఇళ్లలో కచేరీలు వినే పెద్దవాళ్లకు ఇది చూపించి వాళ్ల స్పందన చూడటం ఒక ప్రత్యేక వినోదం. నవ్వేవారు కొందరు, ఇది సంగీతమా అని మండిపడేవారు కొందరు. అరవై ఐదేళ్ల నాటి ఆ హాలులోనూ అచ్చం ఇలాగే జరిగింది.

దానికి జోడీగా 1963 నాటి జాన్ కేల్ భాగం. ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సాటీ రాసిన ఒక్క పేజీ స్వరాన్ని 840 సార్లు వాయించిన పద్దెనిమిది గంటల పైచిలుకు కచేరీలో వాయించినవారిలో ఈ కుర్రాడు ఒకడు. పక్కన ఇంకొకాయన కూర్చున్నాడు, ఆయన గుట్టు మరీ ఘనమైనది: ఆ కచేరీ మొత్తం లేవకుండా కూర్చుని విన్న ఏకైక శ్రోత. టికెట్ 5 డాలర్లు, విన్న ప్రతి 20 నిమిషాలకు 5 సెంట్లు వాపసు ఇస్తామని నిర్వాహకుల షరతు. వాయించినవాడు తర్వాత వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే రాక్ బృందంతో పేరు తెచ్చుకున్నాడు. నా మట్టుకు నాకు విన్నవాడే ఎక్కువ ఆసక్తి కలిగించాడు.

1965లో స్టీవ్ అలెన్ హయాంలో పదిహేడేళ్ల రే కర్జ్‌వైల్ వచ్చి పియానో మీద ఒక చిన్న స్వరం వాయిస్తాడు. దాన్ని కూర్చింది తాను తయారుచేసిన కంప్యూటర్. హెన్రీ మోర్గన్ కనిపెట్టాడు. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే ముందు ఇదే పెట్టండి.

ఇక వదిలేయవలసినవి. తారల ‘రహస్యాలు’ చాలావరకు కొండను తవ్వి ఎలుకను పట్టిన చందమే. దయ్యాల సినిమాల బోరిస్ కార్లాఫ్ గుట్టు ఏమిటయ్యా అంటే ఆయనకు ఎలుకలంటే భయమట. ఒకసారి నవ్వుకోవచ్చు. తారలకు నిజంగా గుట్టేమీ లేనప్పుడు నిర్మాతలే ఏదో ఒక తతంగం అల్లేవారు. 1958లో సినిమా నటుడు టోనీ కర్టిస్‌తో న్యూయార్కు వీధుల్లో చిన్నప్పుడు ఆడిన ఆటలు ఆడించబోతే ఆ భాగం చప్పబడిపోయింది, దాని దెబ్బకు నిర్మాతగా ఉన్న షెర్మన్ ఉద్యోగమే ఊడింది. ఆయనకు అది కలిసొచ్చిందనే చెప్పాలి. ఐదేళ్లకు హాస్యగీతాలు పాడి దేశమంతా మారుమోగిపోయాడు. కానీ ప్రేక్షకుడికి పాఠం మాత్రం అక్కడే ఉంది. అతిథి పేరు పెద్దదైతే గుట్టు చిన్నదై ఉంటుందని అనుమానించండి.

ఒకే మనిషి రెండు షోల్లో ఎలా కనిపిస్తాడో చూడాలంటే కేఎఫ్‌సీ బొమ్మలో కనిపించే కెర్నల్ సాండర్స్ దొరికాడు. 1963లో వాట్స్ మై లైన్‌కు వచ్చినప్పుడు ఆయన కోడి వేపుడు అమ్మే వ్యాపారి. ఆ తెల్ల సూటు, తెల్ల గడ్డం చూసి ఇప్పుడు మనం నవ్వుకుంటాం గానీ, అప్పటి ప్యానెల్‌కు ఆయనెవరో తెలియదు. మరుసటి ఏడాది ఐవ్ గాట్ ఎ సీక్రెట్‌కు వచ్చాడు. ఈసారి గుట్టు, తన మొదటి సోషల్ సెక్యూరిటీ చెక్కుతో, అంటే వృద్ధాప్యపు పింఛను సొమ్ముతో, వ్యాపారం మొదలుపెట్టానని. మొదటి షో ఆయన ఏం అమ్ముతాడో అడిగింది, రెండోది ఎక్కణ్నుంచి లేచి వచ్చాడో అడిగింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏ షో మీ మనసుకు నచ్చుతుందో పావుగంటలో తేలిపోతుంది.

ముగ్గురిలో అసలువాడెవడు?

టు టెల్ ద ట్రూత్ నిర్వాహకుడు బడ్ కోల్యర్, ఒకప్పుడు రేడియోలో సూపర్‌మ్యాన్ గొంతు. అసలు వ్యక్తి తన గురించి ఇచ్చిన ప్రమాణపత్రాన్ని గట్టిగా చదువుతాడు. తర్వాత ప్రశ్నలు. అసలువాడు నిజమే చెప్పాలి, వేషధారులు ఎన్ని కోతలైనా కోయవచ్చు. ప్యానెల్‌లో ఒక్కో తప్పు ఓటుకు 250 డాలర్లు, ముగ్గురూ పంచుకుంటారు. చివరికి ‘నిజమైన ఫలానావారు దయచేసి లేచి నిలబడతారా’ అనగానే ముగ్గురూ లేవబోతున్నట్టు కుర్చీలో కదులుతారు. ఆ రెండు మూడు సెకన్ల ఉత్కంఠ కోసమే చాలామంది దీన్ని చూస్తారు. పిల్లలతో, పందేలతో చూడటానికి ఇంతకన్నా మంచిది లేదు. ఆటకు తగ్గట్టు ఇంగ్లీషు కూడా తేలిక, సూటి ప్రశ్నలు, సూటి జవాబులు. 1958లో పిల్లల పుస్తకాల డాక్టర్ స్యూస్ ఇలాగే ఇద్దరు నకిలీల మధ్య కూర్చున్నాడు.

నాకున్న అభ్యంతరం ఒకటే. అసలైన మనిషికి దక్కవలసిన సమయాన్ని ఇద్దరు నకిలీలు తినేస్తారు. అతను ఎవరో తేలేసరికి వేళ ముగుస్తుంది. అద్భుతమైన జీవితం ఉన్నవాడు నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోతాడు. ఒకసారి జవాబు తెలిశాక ఆ భాగం మళ్లీ చూడాలనిపించదు కూడా. సీమోర్ భాగం మాత్రం గుట్టు తెలిసే చూస్తాం గనక ఎన్నిసార్లైనా చూడొచ్చు.

చూసేముందు కొన్ని మాటలు

డబ్బు కోసం ముందే జవాబులు చెప్పి ఆడించారేమో అన్న అనుమానం రావచ్చు. 1958, 59లలో అమెరికా క్విజ్ షోల బండారం బయటపడి పెద్ద గొడవైంది. ట్వెంటీ వన్ అనే షోలో చార్లెస్ వాన్ డోరెన్ గెలిచిన 1,29,000 డాలర్ల వెనక ఉన్న మోసాన్ని ఆయనే అమెరికా కాంగ్రెస్ ముందు ఒప్పుకున్నాడు. 50, 80 డాలర్ల ఈ ప్యానెల్ షోలు ఆ వరదలో కొట్టుకుపోలేదు. ఇంత కొంచెం సొమ్ముకు మోసం చేసి ప్రయోజనమేముంది?

ఆ కాలపు మరకలు మాత్రం ఉన్నాయి. సీక్రెట్‌లో సిగరెట్ ప్రకటన ఆటలోనే కలిసిపోయి ఉంటుంది, బల్ల మీదే బ్రాండు పేరు. పిల్లలతో చూసేటప్పుడు ఒక మాట చెప్పి చూపించడం మంచిది. వాట్స్ మై లైన్‌లో అందమైన యువతి వస్తే హాలులోంచి ఈలలు వినిపిస్తాయి, డేలీ కూడా ముసిముసిగా నవ్వుతాడు. మూడు షోల్లోనూ ప్యానెల్ కుర్చీల్లో దాదాపు ఎప్పుడూ తెల్లజాతివారే కనిపిస్తారు, కాలం అది. బొమ్మ మసకగా ఉందని నిరాశపడకండి. చాలావరకు మిగిలినవి టీవీ తెరకు ఎదురుగా సినిమా కెమెరా పెట్టి తీసిన ప్రతులే. 1966 తర్వాత రంగుల్లో ప్రసారమైన భాగాలు కూడా ఎక్కువగా నలుపు తెలుపు ప్రతుల్లోనే దొరుకుతాయి.

ఇవే పేర్లతో తర్వాతి దశాబ్దాల్లో కొత్త రూపాలు వచ్చాయి. సీక్రెట్‌ను 1972లో స్టీవ్ అలెన్‌తో, 1976లో బిల్ కలెన్‌తో మళ్లీ నడిపారు, 2000 తర్వాత కూడా ప్రయత్నించారు. టు టెల్ ద ట్రూత్ 2016లో ఏబీసీ అనే మరో అమెరికన్ చానెల్లో తిరిగి వచ్చింది. వెతికేటప్పుడు ఇవన్నీ కలిసి వస్తాయి గనక, నిర్వాహకుడి పేరు జోడించి వెతకండి: మూర్, డేలీ, కోల్యర్. కొత్తవాటిలో ఒక్కటి మాత్రం ఆసక్తి ఉంటే చూడండి, 1977లో ఫ్రాంక్ అబగ్నేల్ వచ్చిన టు టెల్ ద ట్రూత్ భాగం. పైలట్‌గా, డాక్టరుగా, వకీలుగా నటించి జనాన్ని బురిడీ కొట్టించానని ప్రమాణపత్రం. ఆ కథలో చాలా భాగం నిలవదని తర్వాత రికార్డులు తవ్విన పాత్రికేయులు, రచయితలు వాదించారు. ముగ్గురిలో అసలువాణ్ని ప్యానెల్ వెతుకుతోంది, అసలువాడు చెప్పిన కథనే అనుమానించాలని ఆ రోజు ఎవరికీ తట్టలేదు.